నిద్ర పట్టకపోతే అలాగే పడుకుని ఉండాలా, లేచిపోవాలా?

రాత్రిగువ్వ:
పదిన్నరకి పక్క ఎక్కితే ఒంటిగంట దాకా దొర్లడమే. నిద్ర రాకపోయినా కళ్లు మూసుకుని పడుకుంటే సగం విశ్రాంతి దక్కినట్టే అని కొందరంటారు, వెంటనే లేచిపొమ్మని కొందరు. ఏది నిజం? అలాంటి రాత్రి తర్వాత మర్నాడు బుర్ర పనిచేయాలంటే ఏం చేయాలి? ఫోన్ పక్కన పెట్టమనే సలహా తప్ప ఇంకేదైనా చెప్పండి.

మెలకువ:
ఇద్దరూ చెప్పింది నిజమే. ప్రశాంతంగా పడుకోగలిగినంతసేపు ఒంటికి విశ్రాంతే, కండరాలు వదులవుతాయి. కానీ అది నిద్రకి బదులు కాదు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే నిద్రమత్తు తెచ్చే రసాయనం పేరుకుంటూనే ఉంటుంది, నిద్రపోతేనే అది తగ్గేది.

చిరాకు మొదలైందంటే మాత్రం లేవాల్సిందే. రోజూ గంటలకొద్దీ దొర్లితే మంచం చూడగానే మెలకువ రావడం అలవాటైపోతుంది. ఆ లంకె తెంచడానికే రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వవేత్త 1972లో ఒక పద్ధతి చెప్పారు. సుమారు 20 నిమిషాలైనా నిద్ర పట్టకపోతే వేరే గదిలోకి వెళ్లి, మసక వెలుతురులో, ఎక్కడైనా ఆపేయగలిగే పనేదైనా చేయాలి. ఆ 20 నిమిషాలు అంచనాయే, గడియారాన్ని గోడవైపు తిప్పేయండి. నిద్రొచ్చాకే మంచం ఎక్కాలి, రాకపోతే మళ్లీ లేవాలి. అలసట వేరు, నిద్ర రావడం వేరు. రెప్పలు వాలుతూ, చదివిన లైనే మళ్లీ చదువుతుంటే అది నిద్ర. మొదటి వారం రాత్రికి నాలుగైదుసార్లు లేవాల్సి రావచ్చు, చాలామంది అక్కడే వదిలేస్తారు. ఇంకొందరు లేచి ఆఫీసు మెయిల్స్ తెరుస్తారు, దాంతో ఉన్న కాస్త మత్తూ ఎగిరిపోతుంది.

తెల్లకాగితం:
ఆలోచనలు ఆగకపోవడమే అసలు బాధైతే దానికి పని రాత్రి కాదు, సాయంత్రం. పడుకోడానికి రెండు మూడు గంటల ముందు 15 నిమిషాలు కూర్చుని, కాగితం మీద ఎడమవైపు బుర్రలో తిరుగుతున్న విషయం, కుడివైపు దానికి రేపు చేయగలిగిన మొదటి పని రాయండి. ఎడమవైపు ఒక్కటే రాసి వదిలేస్తే చింతలన్నీ వరసగా పేర్చుకుని చూసుకున్నట్టవుతుంది.

పక్క మీద ఉన్నప్పుడు లూక్ బోడ్వాన్ అనే పరిశోధకుడు చెప్పిన ఆట ప్రయత్నించండి. 'కలువ' లాంటి మామూలు మాట తీసుకోండి. 'క'తో కత్తెర, కప్ప, కవరు... ఒక్కొక్కదాన్నీ ఐదారు సెకన్లు కళ్లముందు ఊహించుకోవాలి. అయిపోతే 'ల'కి వెళ్లాలి. ఒకదానికొకటి సంబంధం ఉండకూడదు. కప్పకీ కవరుకీ కథ అల్లారా, ఆలోచన మళ్లీ పట్టాలెక్కినట్టే. డబ్బు, ఉద్యోగం గుర్తుచేసే మాటలు వద్దు.

ఊపిరి నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం కూడా మంచిదే. బిగబట్టే రకాలు కొందరికి కంగారు పెంచుతాయి. వీటిలో ఏదైనా 'ఇప్పుడు నిద్ర రావాలి' అని పట్టుబట్టి చేస్తే పనిచేయదు. నిద్ర వచ్చిందా లేదా అని చూసుకోవడమే మెలకువ.

పగటిపూట:
మర్నాటి సంగతి. ఎంత ఆలస్యంగా పట్టినా లేచే టైము మార్చకండి. లేచాక అరగంట ఆరుబయటి వెలుతురులో ఉండండి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సగటున ఐదు గంటలు పడుతుంది, కాబట్టి మధ్యాహ్న భోజనం తర్వాత కాఫీ, టీ వద్దు. కునుకు తప్పదనుకుంటే మూడింటి లోపు, 20 నిమిషాలకి అలారం పెట్టి. అంతకుమించితే గాఢనిద్రలోంచి లేవాల్సొచ్చి ఇంకా మొద్దుబారతారు. ముఖ్యమైన నిర్ణయాలు వాయిదా వేయండి, కళ్లు మూతలు పడుతుంటే బండి నడపకండి. అన్నిటికన్నా పెద్ద పొరపాటు, నష్టం పూడ్చుకుందామని ఆ రాత్రి తొమ్మిదికే పడుకోవడం. దాంతో ఇంకో గంటన్నర దొర్లుడు తోడవుతుంది.

రాత్రిగువ్వ:
థాంక్సండీ. లేచేది ఆరున్నరకి. నిద్ర ఐదున్నర గంటలే పడుతోంది.

మెలకువ:
అంటే ఎనిమిది గంటలు మంచం మీద, ఐదున్నర నిద్ర. మంచం మీదున్న సమయంలో నిద్ర 69 శాతమే. దీనికి నిద్ర నియంత్రణ పద్ధతి ఉంది. లేచేది ఆరున్నరకే ఉంచి, పక్క ఎక్కేది ఒంటిగంటకి మార్చాలి. వారం సగటు 85 శాతం దాటాక పావుగంట ముందుకి జరపాలి, అలా వారానికో పావుగంట. ఐదు గంటలకన్నా తగ్గించకూడదు. మొదటి రెండు వారాలు పగలు మత్తుగానే ఉంటుంది. మూర్ఛ, బైపోలార్ (మూడ్ విపరీతంగా మారిపోయే మానసిక జబ్బు) ఉన్నవాళ్లూ, బండ్లూ యంత్రాలూ నడిపేవాళ్లూ డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలుగా ఇదే తంతు అయితే డాక్టర్‌కి చూపించుకోండి. మాత్రల కంటే ముందు నిద్రలేమికి చేసే సీబీటీ (ఆలోచనలూ అలవాట్లూ మార్చే చికిత్స) గురించి అడగండి. గురకతో ఊపిరి ఆగి ఉలిక్కిపడటం, పడుకోగానే కాళ్లు కదపకుండా ఉండలేకపోవడం ఉంటే మాత్రం మూడు నెలలు ఆగొద్దు, వాటి వైద్యం వేరు.