‘కెస్ట్’ అంటే ఇల్లరికమేనా?

ప్రశ్న:
ఐ.జె. సింగర్ యిడ్డిష్‌లో (తూర్పు యూరప్ యూదుల భాష) రాయగా 1936లో పుస్తకంగా వచ్చిన ‘ది బ్రదర్స్ అష్కెనాజీ’ని ఇంగ్లీషులో చదువుతున్నా. పోలండ్‌లో లోడ్జ్ అనే మగ్గాల ఊరు, కవల అన్నదమ్ములు, తరాల యూదుల కథ. లావు చూసి జంకాను గానీ పెళ్ళి సంబంధాల దగ్గరికొచ్చాక కింద పెట్టబుద్ధి కాలేదు, ఆ బేరాలూ కట్నాలూ మన వీధిలోవే అనిపించాయి. ఒక్కచోట ఆగాను. పెళ్ళయ్యాక అల్లుడు మామగారింట్లోనే తింటూ శాస్త్రం చదువుకోవడాన్ని వాళ్ళు ‘కెస్ట్’ అంటారు. తెలుగు చేసేటప్పుడు దాన్ని ఇల్లరికం అనేయొచ్చా?

జవాబు:
అనకపోతేనే మంచిదండీ. ఇల్లరికం అనగానే మనకి మగపిల్లలు లేని ఇల్లు, ఆస్తి, జీవితాంతం అక్కడే ఉండిపోయే అల్లుడు, వెనక ఊళ్ళోవాళ్ళ ముసిముసి నవ్వులు అన్నీ కలిపే గుర్తొస్తాయి. కెస్ట్‌లో ఆ నవ్వు లేదు. కొడుకులున్నా సరే, తాల్ముద్ (యూదుల ధర్మశాస్త్రం) బాగా చదివే కుర్రాణ్ణి తెచ్చుకుని, ఇన్నేళ్ళని ముందే మాట్లాడుకుని పోషించడం మామగారికే గొప్ప. గడువు తీరాక అల్లుడు తన బతుకు తను చూసుకోవాలి. నవలలో కవలల్లో ఒకడైన సిమ్హా మేయిర్ సంగతి చూడండి, చదువులో మేటి అని నేతశాల యజమాని హయిమ్ ఆల్టర్ ఏరికోరి తెచ్చుకున్న అల్లుడు ఆ నేతశాలనే మెల్లగా చేజిక్కించుకుంటాడు. అక్కడ ఇల్లరికం అన్నామనుకోండి, ఎలాగూ అతనికొచ్చే ఆస్తేగా అనుకుంటాడు మన పాఠకుడు, ఆ దెబ్బ తగలనే తగలదు. కెస్ట్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు ‘గడువు పెట్టి అల్లుణ్ణి ఇంట్లో పోషించడం’ అంటే చాలు.

మరొకరు:
జామాతా దశమగ్రహః అని ఊరికే అన్నారా! నేనూ కెస్ట్‌కే ఓటు. కానీ మిగతాచోట్ల మొహమాటపడకండి, తెలుగులోకి తేవడానికి ఇంతకన్నా అనువైన నవల దొరకదు. మెఖుటన్ అంటే అచ్చంగా వియ్యంకుడే, వియ్యపురాలికి కూడా వాళ్ళకి విడిగా మాటుంది, మఖతెనెస్తె అని. ఇంగ్లీషులో ఈ చుట్టరికానికి ఒక్క మాట లేదు, చుట్టూ తిరగాల్సిందే. షద్ఖన్‌ని పెళ్ళిళ్ళ పేరయ్య అంటే నాకు ఒప్పే, అందులోని ఎగతాళితో సహా.

ప్రశ్న అడిగినవారు:
సరే, కెస్ట్ ఉంచేస్తా. పేరయ్య విషయంలో మాత్రం నాకింకా డౌటే, షద్ఖన్‌కి అది కూడు పెట్టే వృత్తి, మన పేరయ్యల్లో సగం మంది సరదాకి తిరిగేవాళ్ళు.

మరొకరు:
ఆ మిగతా సగం కమిషన్ తీసుకునేవాళ్ళే కదండీ :) ఇదయ్యాక తమ్ముడు బషేవిస్ సింగర్ రాసిన ‘ది ఫ్యామిలీ మోస్కాట్’ పట్టుకోండి. అన్నకే అంకితమిచ్చాడు. వార్సాలో ముసలి మెషులమ్ మోస్కాట్ మూడో పెళ్ళాంతో, ఆవిడ కూతురితో ఊళ్ళో దిగడంతో మొదలై 1939 నాజీ బాంబులదాకా వెళ్తుంది. ఎవరికెవరు ఏమవుతారో ఓ కాగితం మీద రాసుకుంటూ చదవండి, లేకపోతే కష్టం.