తప్పు జరిగితే రాజీనామా చేయాలా, ఇంటికొచ్చి చెప్పాలా?

జడ్చర్ల పాతకాపు: ఏ ప్రమాదమైనా ఇప్పుడు ఒకటే వరస. మంత్రిగారి ట్వీట్, ఎక్స్‌గ్రేషియా, చెక్కు పట్టుకుని ఫొటో. 1956 సెప్టెంబరులో మన జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వరదకు వంతెన కూలి రైలు పడిపోయింది. వంద మందికి పైగా పోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా చేశారు. అలాంటివాళ్లు ఇప్పుడేరీ?

నల్లగొండ లెక్చరర్: సగమే చెప్పారు. అప్పుడు రాజీనామా ఇస్తే నెహ్రూ వద్దన్నారు. ఆమోదించింది నవంబరులో, తమిళనాడు అరియలూరు ప్రమాదం తర్వాత.

జడ్చర్ల పాతకాపు: ఇచ్చారా, లేదా? ఇచ్చారు. తీసుకోకపోతే శాస్త్రిగారేం చేస్తారు?

నల్లగొండ లెక్చరర్: మన జిల్లా చావులకు ఆయన పదవి పోలేదు అంటున్నా. అంతే.

వనపర్తి బిడ్డ: తేదీలు వదలండి సార్లూ, అసలు విషయం మాట్లాడండి.

సైటు మనిషి: రాజీనామాతో ఏమైంది? మూడు నెలలు తిరక్కముందే అరియలూరులో మళ్లీ వరద, మళ్లీ వంతెన, మళ్లీ శవాలు. తప్పు శాస్త్రిది కాదు, ఆదర్శంగా ఉంటుందని రాజీనామా ఒప్పుకుంటున్నానని నెహ్రూయే సభలో చెప్పారు. 1957లో ఆయన మళ్లీ మంత్రి. ఆ వంతెనను చూసుకోవాల్సినవాళ్లు ఏమన్నారో ఈ చర్చలో ఒక్కరైనా అడిగారా?

జడ్చర్ల పాతకాపు: శాస్త్రిగారిని తక్కువ చేసి మాట్లాడితే ఊరుకోను. మీరు గవర్నమెంటు ఉద్యోగిలా ఉన్నారు, అందుకే ఈ వెనకేసుకురావడం.

నల్లగొండ లెక్చరర్: ఇంకో ఉదాహరణ. 1984 సిక్కుల ఊచకోతకు మన్మోహన్ సింగ్ 2005లో పార్లమెంటులో క్షమాపణ అడిగారు. 1984లో ప్రధాని ఆయన కాదు, అయినా అడిగారు.

అచ్చంపేట తమ్ముడు: ఇరవై ఏళ్లు ఎవరాగుతారు సార్? మా మేనమామ కల్వర్టు కోసం తవ్విన గుంతలో బండితో సహా పడి చనిపోయాడు. అడ్డంగా కంప లేదు, ఎర్రగుడ్డ లేదు. తెల్లారేసరికి డ్రమ్ములు తెచ్చి పెట్టారు, వాటి మీద సున్నం ఇంకా ఆరలేదు. దినాలకు లీడర్లంతా వచ్చారు. ఆ పని చేయించిన ఆఫీసు నుంచి పురుగు కూడా రాలేదు. మా అత్త పైసలు అడగలేదు. ‘ఒక్కడొచ్చి కూసోని, మా వల్లనే అయిందమ్మా అంటే చాలు’ అన్నది.

జడ్చర్ల పాతకాపు: చూశారా, సిగ్గులేని జాతి! సైటు మనిషి గారూ, దీనికేమంటారు?

సైటు మనిషి: అనేది ఉంది, వినండి. నేను ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజినీరుని. ఇలాంటిది జరగ్గానే మాకు పైనుంచి వచ్చే మొదటి ఫోను ‘ఆ ఇంటి వైపు వెళ్లకు’ అని. వెళితే తప్పు ఒప్పుకున్నట్టే, మర్నాడు చార్జి మెమో నా పేరు మీదే. గుంత తవ్విన కాంట్రాక్టరుకు బిల్లు ఆగదు, సంతకం పెట్టిన పెద్దసారుకు ట్రాన్స్‌ఫర్ కూడా ఉండదు. మంత్రి విచారం ప్రకటిస్తాడు, ఏఈ సస్పెండవుతాడు. పశ్చాత్తాపం మా దగ్గర లేదని ఎవరన్నారు? చెప్తే మా పిల్లల అన్నం పోతుంది.

అచ్చంపేట తమ్ముడు: మీ ఉద్యోగం, మా మనిషి... రెండూ ఒకటేనా అన్నా?

సైటు మనిషి: ఒకటి కాదు తమ్మీ.

వనపర్తి బిడ్డ: పాతకాపు గారూ, ఇందులో రాజీనామా ఎవరు చేయాలో చెప్పండి ఇప్పుడు.

జడ్చర్ల పాతకాపు: మంత్రే. కిందివాళ్ల నోరు కట్టేసింది ఆయన శాఖే కదా!

అచ్చంపేట తమ్ముడు: మేం కేసు వెయ్యం అని మా అత్తతో కాగితం మీద రాయిస్తా. అప్పుడైనా ఆ సారు వస్తాడా?

సైటు మనిషి: అలాంటి కాగితం అస్సలు రాయించకు. సమాచార హక్కు కింద ఆ పని అగ్రిమెంటు, జాగ్రత్త బోర్డులకు కట్టిన బిల్లు కాపీలు అడుగు. 30 రోజుల్లో ఇవ్వాలి. పెట్టని బోర్డులకు బిల్లు ఎత్తి ఉంటే కేసు వేయండి. నన్ను సాక్షిగా పిలిస్తే వస్తా, సమను వస్తే నన్నెవరూ ఆపలేరు.