పాత టి-21 గ్లైడర్ రెక్కలో నల్ల మచ్చ: వార్నిష్ వేసేస్తే చాలా, కోసి చూడాలా?

కోనసీమవాడు:
అందరికీ నమస్కారం. ఉండేది ఇంగ్లండ్‌లో, లీడ్స్ దగ్గర. వారమంతా సాఫ్ట్‌వేర్, శని ఆదివారాలు గ్లైడింగ్ క్లబ్. మా షెడ్డులో చాలా ఏళ్లుగా మూల పడి ఉన్న స్లింగ్స్‌బీ టి-21ని ఈ చలికాలం బాగుచేస్తున్నాం (ఫొటో పెట్టాను). తెలియనివాళ్ల కోసం: గ్లైడర్ అంటే ఇంజిన్ లేని విమానం, ఇది 1944లో మొదటిసారి ఎగిరిన శిక్షణ గ్లైడర్. నేర్పేవాడూ నేర్చుకునేవాడూ పక్కపక్కనే కూర్చుంటారు. పైన అద్దం ఉండదు, గాలి సూటిగా మొహానికి కొడుతుంది. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకి సుమారు 16.5 మీటర్లు. ఒళ్లంతా చెక్క, ప్లైవుడ్, బట్ట. ఇక్కడి ఎయిర్ కేడెట్ పిల్లలు 1980ల దాకా సెడ్‌బర్గ్ అన్న పేరుతో దీని మీదే నేర్చుకున్నారు.

కుడి రెక్క బట్ట ఒలిచాం. మొదలు దగ్గర, ముందు అంచు ప్లైవుడ్‌కి లోపలివైపు అరచెయ్యంత నల్ల మచ్చ కనిపించింది. స్ట్రట్ (రెక్కకి కింద నుంచి ఊతమిచ్చే కడ్డీ) బిగించే చోటికి జానెడు దూరం. గోటితో నొక్కితే గట్టిగానే ఉంది. కానీ పర్సులో ఉన్న రూపాయి బిళ్ళతో తట్టితే మిగతా చోట టక్ టక్ అంటోంది, మచ్చ మీద మాత్రం బద్ బద్ అంటోంది.

క్లబ్‌లో రెండు పార్టీలు అయ్యాయి. "ఆరబెట్టి వార్నిష్ కొట్టండి, వేసవికి ఎగరాలి" అని ఒకళ్లు, "కోసెయ్యండి" అని ఇంకొకళ్లు. మా తాత పడవలు కట్టిన వడ్రంగి. ఆయన ఉండగా రందా ఎలా పట్టాలో కూడా అడగలేదు, ఇప్పుడు యూట్యూబ్‌ని అడుగుతున్నా. మీరేమంటారు?

పాతప్లై:
అన్నా, మచ్చ సంగతి తర్వాత, ముందు జిగురు సంగతి చూడండి. జర్మనీలో మా క్లబ్ కా-7 గ్లైడర్ రెక్క మీద రెండు చలికాలాలు పనిచేశాను. ఆ కాలపు గ్లైడర్లలో పాలతో చేసే కేసీన్ జిగురో, యూరియా ఫార్మాల్డిహైడో వాడేవారు. కేసీన్‌కి చెమ్మ తగిలితే బూజు పడుతుంది. రెండోది ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది. పైకి మాత్రం రెండూ బుద్ధిమంతుల్లాగే కనిపిస్తాయి.

మచ్చ అంచున బలం పెద్దగా అవసరం లేని చిన్న ముక్క ఒకటి ఊడదీసి, అతుకు విరిచి చూడండి. చెక్క నారలు చిరిగి వస్తే జిగురు బతికున్నట్టు. నున్నగా, పొడి రాలుతూ విడిపోతే వార్నిష్ మాట మర్చిపోండి. ఏం చేసినా ముందు గ్లైడర్లు తనిఖీ చేసే మీ ఇన్‌స్పెక్టర్‌కి చూపించండి. స్ట్రట్ పక్కన సొంత వైద్యం వద్దు.

రోహిణిపైలట్:
బాబూ, మీ ఫొటో చూడగానే మా రోహిణి అనుకున్నాను. అది మన దేశంలో తయారైన శిక్షణ గ్లైడర్, 1961లో మొదటిసారి ఎగిరింది. అందులోనూ ఇద్దరూ పక్కపక్కనే. పుణెలో దాని మీద నేర్చుకున్నవాణ్ణి నేను. వానాకాలం వచ్చిందంటే మా మెకానిక్ పొద్దున్నే చేసే మొదటి పని రెక్క కింద నీళ్లు పోయే కన్నాల్లో పుల్ల పెట్టి పొడవడం. చెక్క తడిస్తే ఆరుతుంది, నీళ్లు నిలిస్తేనే కుళ్లుతుంది. మచ్చ కింద కన్నం ఎక్కడుందో చూశారా?

కోనసీమవాడు:
పెద్దాయనా, మీ పోస్టు చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే వెళ్లి చూస్తే కన్నం ఉంది, కానీ ఎప్పుడో రంగు వేసినవాళ్లు దాన్ని కూడా కలిపి పూసేశారు. నీళ్లు అక్కడే నిలిచాయి.

పాతప్లై చెప్పినట్టు విరిచి చూశాం. ఒక్క నార కూడా చిరగలేదు, బిస్కెట్టులా పొడి రాలింది. పులిసిపోయిన పాల వాసన కూడా వచ్చింది. వార్నిష్ పార్టీ అక్కడితో నోరు మూసుకుంది. స్పార్ (రెక్క బరువంతా మోసే దూలం) మాత్రం శుభ్రంగా ఉందని ఇన్‌స్పెక్టర్ తేల్చాక ఊపిరి పీల్చుకున్నాను.

రెండు రిబ్బుల (రెక్కకి ఆకారమిచ్చే అడ్డ చట్రాల) మధ్య ప్లైవుడ్ మొత్తం తీసేశాం. పాతదానికి అతకాలంటే కొత్త ముక్క అంచుల్ని ఏటవాలుగా చెక్కాలి. వాలు పొడవు మందానికి 12 రెట్లు, అంటే 1.5 మిల్లీమీటర్ల ప్లైకి 18 మిల్లీమీటర్లు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది, చేస్తే తెలుస్తుంది. మొదటి మూడు ముక్కలూ చెత్తబుట్టకే. నాలుగోదాని అంచు కాగితంలా పల్చబడి లైటుకి పట్టుకుంటే వెలుతురు కనిపించింది. దాని చెక్క నార కూడా పాతదాని దిక్కునే ఉండాలని ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు చెప్పారు. షెడ్డు చలికి జిగురు సరిగ్గా గట్టిపడదని రెక్క చుట్టూ దుప్పట్లు కప్పి రాత్రంతా హీటర్ పెట్టాం. బాలింత గదిలా ఉంది.

పాతప్లై:
బాగుంది అన్నా. బట్ట వేసేటప్పుడు పాలిస్టర్ అయితే వేడికే బిగుస్తుంది కాబట్టి ఇస్త్రీ పెట్టె వేడి థర్మామీటరుతో చూసుకోండి, డయల్‌ని నమ్మొద్దు. ఇంతకీ ఎడమ రెక్క?

కోనసీమవాడు:
దాని బట్ట ఇంకా ఒలవలేదు. కన్నంలో చీపురుపుల్ల పెట్టి చూశాను. అక్కడా రంగే అడ్డం తగిలింది.