డచ్ బానిసత్వ రద్దు: పాస్టర్ హూవెల్‌కి ఘనత ఇవ్వాలా?

శ్రీధర్ (హేగ్):
ఇక్కడ ఏటా జూలై 1న, దక్షిణ అమెరికాలో ఒకప్పటి డచ్ వలస అయిన సూరినామ్ మూలాలున్నవాళ్లు కేటీ కోటి జరుపుకుంటారు. గొలుసులు తెగాయని ఆ మాటకు అర్థం. వాటిని తెంచడానికి పోరాడినవాళ్లలో ఒక పాస్టర్ ఉన్నాడని మాత్రం ఎవరూ చెప్పరు. వాన్ హూవెల్ బటావియాలో (ఇప్పటి జకార్తా) పాస్టర్. 1848లో అక్కడ నిరసన సభకు ముందు నిలబడి, ఆ దేశమే వదలాల్సి వచ్చింది. హాలండ్ వచ్చి పార్లమెంటు సభ్యుడై, 1854లో సూరినామ్ బానిసల గురించి పుస్తకం రాశాడు. ఆయన్ని గౌరవించొద్దా?

పద్మజ:
రద్దు ఎప్పుడు జరిగిందంటారు?

శ్రీధర్ (హేగ్):
1863.

పద్మజ:
కాదండీ, 1873. సూరినామ్‌లో విడుదలైనవాళ్లు ఇంకో పదేళ్లు ప్రభుత్వ పర్యవేక్షణలో, కాంట్రాక్టు మీద పనిచేయాల్సి వచ్చింది. యజమానికి మనిషికి 300 గిల్డర్ల పరిహారం. బానిసకు పైసా లేదు.

శ్రీధర్ (హేగ్):
చట్టం అమలైన తేదీ 1863. కాంట్రాక్టుకి కూలీ ఇచ్చారు. కూలీ ఇస్తే బానిసత్వం ఎలా అవుతుంది?

బందరు అబ్బాయి:
మా మచిలీపట్నంలో వలందపాలెం ఉంది. వలందా అంటే హాలండే.

పద్మజ:
వెళ్లే స్వేచ్ఛ లేని కూలీ అది. పులికాట్ కోటలోనూ డచ్ పాస్టర్లు ఉన్నారు. ఆ రేవు నుంచే మనుషుల్ని కొని బటావియాకి ఓడల్లో పంపారు. 1742లో డచ్ నగరం లైడెన్‌లో పాస్టర్ చదువు చదువుతున్న కాపితెయిన్, తానూ ఒకప్పుడు బానిసే, బానిసత్వం క్రైస్తవానికి విరుద్ధం కాదని వాదించాడు. చర్చి నేర్పిన చదువే అది.

శ్రీధర్ (హేగ్):
మీకు చర్చి అంటేనే పడదు, తేదీ ఒక సాకు. మా తాతని ఊరి బడి గుమ్మం ఎక్కనివ్వలేదు. మిషన్ బడి కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది. అందుకే నేనీ రోజు ఇక్కడున్నాను. ఆ మేలు మర్చిపొమ్మంటారా?

వేణు:
ఇద్దరూ కాస్త తగ్గండి.

పద్మజ:
తగ్గను. మా తాత పాలేరు. దొర అప్పు మాఫీ చేశాక కూడా ఆ ఇంటి ముందు చెప్పులు చేత పట్టుకునే నడిచాడు. ఊళ్లో ఇప్పటికీ దొర మంచితనమే చెబుతారు. తాత ఎన్నేళ్లు చాకిరీ చేశాడో ఎవరూ చెప్పరు. అందుకే నాకు ఆ పదేళ్లు ముఖ్యం.

శ్రీధర్ (హేగ్):
మీ తాత సంగతి నాకు తెలియదు, బాధగా ఉంది. కానీ హూవెల్ పేరు తీసేయమంటే ఒప్పుకోను.

పద్మజ:
తీసేయమని నేనెక్కడన్నాను? హూవెల్ పుట్టకముందే, 1760లో, సూరినామ్ తోటల్లో బానిసత్వం నుంచి పారిపోయి అడవిలో నిలబడిన న్డ్యూకా ప్రజలు డచ్చివాళ్లతో సంధి రాయించుకున్నారు. ముందు వాళ్ల పేరు చెప్పండి. తర్వాత పాస్టర్ గారి పేరు చెప్పండి, నేనూ వింటాను.