14 నెలల పాప, ఐదు నెలల్లో 300 గ్రాములే పెరిగింది. నా పాలు మానిపించాలా? ఎవరికి చూపించాలి?

హనుమకొండ_అమ్మ:

అందరికీ నమస్తే. పోస్ట్ కొంచెం పెద్దదే, మొత్తం చెప్పకపోతే మీకు అర్థం కాదనిపించింది. మా పాపకు 14 నెలలు నిండాయి. నెలలు నిండాకే పుట్టింది, నార్మల్ డెలివరీ, పుట్టినప్పుడు 2.8 కిలోలు. ఆరు నెలలు నా పాలు తప్ప చుక్క నీళ్ళు కూడా పట్టలేదు, అప్పటికి 7 కిలోలు, చూసినవాళ్ళంతా బొద్దుగా ఉందనేవాళ్ళు. తొమ్మిదో నెలలో 7.6. ఏడాదికి 7.8. మొన్న తూస్తే 7.9. ఎత్తు 74 సెంటీమీటర్లు.

తిండి సంగతి చెప్తాను. పొద్దున రాగి జావ నాలుగైదు చెంచాలు, మధ్యాహ్నం పప్పు కట్టు పోసి మెత్తగా పిసికిన అన్నం, అదీ రెండు ముద్దలు తిని నోరు గట్టిగా మూసేస్తుంది, సాయంత్రం ఒక అరటిపండు ముక్క. మిగతాదంతా నా పాలే. రాత్రి నాలుగైదు సార్లు లేస్తుంది. మా ఇంట్లో గుడ్డు కూడా తినరు. నాకు చిన్నప్పటి నుంచి పాలు పడవు, మజ్జిగ మాత్రం కొద్దిగా పోసుకుంటాను.

ఒక పిల్లల డాక్టర్‌కి చూపించాం. గంటన్నర కూర్చోబెట్టి మూడు నిమిషాల్లో చూసేశారు. ఏడాది దాటాక తల్లిపాలలో ఏముంటుందమ్మా, మానిపించండి, ఆకలి దానంతట అదే వస్తుంది అని చెప్పి ఒక ఆకలి సిరప్ రాసిచ్చారు. పాత బరువులు రాసుకున్న కార్డు తీస్తే అది చూడనే లేదు. ఇంటికొచ్చాక అత్తమ్మ కూడా అదే మాట, నీ పాలల్లో సత్తువ లేదు, డబ్బా పాలు పొయ్యి అని. మా అమ్మేమో దిష్టి తగిలిందంటుంది. అంగన్‌వాడీలో అడిగితే బరువు చార్టులో గ్రీన్‌లోనే ఉంది, భయం లేదన్నారు. అందరూ తలో మాట అంటుంటే రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు, నా వల్లే పాప చిక్కిపోతోందా అని ఒకటే టెన్షన్.

ఇంకొకటి, దీనికీ బరువుకీ సంబంధం ఉందో లేదో. నెల కిందటి దాకా టాటా అంటే చెయ్యి ఊపేది, ఇప్పుడు ఊపట్లేదు. మంచం పట్టుకుని నిలబడేది, ఇప్పుడు కూర్చోబెట్టిన చోటే కూర్చుంటోంది. పళ్ళొస్తున్నాయి కదా, నలతగా ఉందేమో అనుకుంటున్నాం.

పాలు మానిపించమంటారా? ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఏమేం అడగాలి?


లెస్టర్_తెలుగమ్మాయి:

అక్కా, ముందు మీరు ఏడవకండి. మా బాబూ ఇంతే, సన్నగా ఉండేవాడు, వీడియో కాల్ చేసినప్పుడల్లా ఇంట్లో అందరూ ఎముకలు కనిపిస్తున్నాయని బాధపడేవాళ్ళు. ఇక్కడ ఇంగ్లండ్‌లో పుట్టగానే రెడ్ బుక్ అని బిడ్డ ఆరోగ్య పుస్తకం ఇస్తారు, హెల్త్ విజిటర్ అనే నర్సు తూచి అందులో చుక్క పెడుతుంది. మావాడు మొదటి నుంచీ 9వ సెంటైల్ గీత మీదే, అంటే వందమందిలో తక్కువ బరువున్న తొమ్మిది మంది దగ్గరే ఉన్నాడు, నేనూ మా ఆయనా ఇద్దరం పొట్టి, సన్నం, అందుకని ఆవిడ ఎప్పుడూ కంగారు పడలేదు. రెండేళ్ళ దాకా నా పాలు తాగాడు, ఇప్పుడు బడికెళ్తున్నాడు, బాగున్నాడు. పాలు మాత్రం మానిపించకండి. పాపకూ ఏమీ ఉండదు, కొంతమంది పిల్లల ఒడ్డూ పొడుగూ అంతే.


నల్గొండ_రాధ:

లెస్టర్ చెల్లీ, మీ బాబు మొదటి నుంచీ ఒకే గీత మీద ఉన్నాడు. ఈ పాప అలా కాదు, బాగా పెరుగుతూ వచ్చి ఆగిపోయింది. మా వాడూ ఇలాగే 16వ నెలలో ఆగాడు. జ్వరం లేదు, వాంతులు లేవు, ఊరికే తిండి మీద ధ్యాస లేదు. మేమూ రెండు నెలలు టానిక్‌లు మారుస్తూ కూర్చున్నాం. రెండో డాక్టర్ గారు మూత్ర పరీక్ష, కల్చర్ (మూత్రంలో క్రిములు పెరుగుతాయా చూసేది) చేయిస్తే ఇన్ఫెక్షన్ బయటపడింది. మందు పడ్డాక నెలలో తిండి మొదలుపెట్టాడు. మీ పాపకు అదే ఉందని కాదు, జ్వరం లేకపోయినా లోపల ఉండొచ్చని చెప్తున్నా.

వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద పుట్టిన దగ్గర్నుంచి బరువులన్నీ తేదీలతో రాసి పట్టుకెళ్ళండి. కార్డు తీసి చూపిస్తే తిరగెయ్యరు, కాగితం టేబుల్ మీద పెడితే చూస్తారు, నా అనుభవం అది. మూడు రోజులు పాప ఏం తిన్నదీ ఎన్ని చెంచాలో కూడా రాయండి. మూత్రం పట్టేటప్పుడు అతికించే సంచీ కంటే శుభ్రంగా కడిగి, మధ్యలో వచ్చే ధార సీసాలో పట్టడమే మంచిది, సంచీలో పట్టింది చెడిపోయిందని మాకు రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. ఒక గ్లాసు నీళ్ళు తాగించి కుళాయి శబ్దం వినిపిస్తూ కూర్చుంటే పోస్తారు, ఓపిక పట్టాలి అంతే.


అంగన్‌వాడీ_టీచర్_జనగామ:

అమ్మా, నేను ఇరవై ఏళ్ళ నుంచి ఈ పనిలో ఉన్నాను, గ్రీన్‌లో ఉంది భయం లేదు అన్న మాట నాకు కొంచెం బాధ కలిగించింది. మా చార్టులో గ్రీన్ పట్టీ వెడల్పుగా ఉంటుంది. 14 నెలల ఆడపిల్లకు మధ్య గీత 9.4 కిలోల దగ్గర, గ్రీన్ అడుగు 7.4 దగ్గర ఉంటుంది. మీ పాప 7.9 కాబట్టి గ్రీనే. కానీ ఆరో నెలలో మధ్య గీతకు దగ్గరగా ఉన్న బిడ్డ ఇప్పుడు అడుగు వైపు జారుతోంది. చుక్క ఏ రంగులో ఉందన్నది ఒక్కటే చూడకూడదు, చుక్కలు కలిపితే గీత ఎటు పోతోందో చూడాలి, మాకు ట్రైనింగ్‌లో చెప్పేది అదే. ఏడాది నుంచి రెండేళ్ళ మధ్య పిల్లలు నెలకు సుమారు 200 గ్రాములు పెరగాలి.

బరువు ఎప్పుడూ ఒకే కాటా మీద, బట్టలు, డైపర్ తీసేసి తూయించండి. తడిసిన డైపరే పావు కిలో దాకా తూగుతుంది, దాంతోనే లెక్కంతా తప్పుతుంది. జబ్బ చుట్టుకొలత కూడా కొలవమనండి, టేపు మా దగ్గర ఉంటుంది, 12.5 సెంటీమీటర్ల కంటే తగ్గితే పోషకాహార లోపం ఉన్నట్టు, 11.5 కంటే తగ్గితే అది తీవ్రంగా ఉన్నట్టు, వెంటనే డాక్టర్‌కి చూపించాలి, అవసరమైతే ఆసుపత్రిలో పోషకాహార కేంద్రంలో చేర్చుకుంటారు.

ఇక తిండి. పప్పు కట్టులో పప్పు ఉండదు తల్లీ, నీళ్ళే. పప్పునే మెత్తగా మెదిపి పెట్టండి. చెంచా వంచితే కారిపోకుండా నిలబడేంత గట్టిగా ఉండాలి ముద్ద. దాని మీద ఒక చెంచా నెయ్యో నూనో. చిన్న పొట్ట, అందులో పలచటి జావ పోస్తే కడుపు నిండుతుంది కానీ బలం రాదు. అంగన్‌వాడీలో పిల్లలకిచ్చే బాలామృతం పొడి మీకు నెలనెలా రావాలి, రెండున్నర కిలోల ప్యాకెట్, తీసుకోకపోతే వెళ్ళి అడగండి, అది మీ హక్కు. రోజుకు మూడు నాలుగు సార్లు తిండి, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి. తిండి ముందు, పాలు తర్వాత.


వార్డు_డాక్టర్_పీజీ:

నేను పిల్లల విభాగంలో పీజీ చేస్తున్నాను. పైన అందరూ మంచి మాటలే చెప్పారు, కానీ పోస్టులో చివర రాసిన విషయం ఎవరూ పట్టించుకోలేదు. టాటా ఊపడం మానేసింది, నిలబడటం మానేసింది. మేడం, నాకు బరువు కంటే ఇదే ఎక్కువ భయం కలిగిస్తోంది. ఇంకా నేర్చుకోకపోవడం ఒకటి, నేర్చుకున్నది పోవడం ఇంకొకటి. పళ్ళు రావడం వల్ల పిల్లలు చిరాగ్గా ఉంటారు, నిలబడటం మర్చిపోరు. వచ్చే వారం కాదు, రేపే చూపించండి. మీకు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దగ్గరే కదా, పిల్లల విభాగానికి వెళ్ళండి, ప్రైవేటులోనైనా సరే, రేపే.

చూడకుండా రోగం పేరు చెప్పడం తప్పు, కానీ మీరు రాసింది చదివితే ముందుగా మనసులోకి వచ్చేది విటమిన్ బి12 లోపం. బి12 పప్పులో, ఆకుకూరల్లో, కూరగాయల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, మాంసం, చేపల నుంచే రావాలి. మీరు గుడ్డు తినరు, పాలు పడవు. అంటే మీ ఒంట్లోనే తక్కువ ఉండొచ్చు, అప్పుడు పాలల్లోనూ తక్కువే వస్తుంది. పుట్టినప్పుడు తెచ్చుకున్న నిల్వతో బిడ్డ మొదట్లో బొద్దుగానే పెరుగుతుంది, అది అయిపోయాక ఆకలి పోతుంది, నవ్వు తగ్గుతుంది, వచ్చినవి మర్చిపోతుంది. మా వార్డులో ఇలాంటి పిల్లల్ని చూస్తూనే ఉంటాం. పాప వేళ్ళ కణుపులు నల్లబడ్డాయా, జుట్టు పలచబడి రంగు తగ్గిందా, నాలుక నున్నగా ఉందా, చేతులు వణుకుతున్నాయా చూసి డాక్టర్‌కి చెప్పండి.

డాక్టర్‌ని అడగాల్సినవి: సీబీసీ అంటే రక్తకణాల లెక్క, ఎర్ర రక్తకణాల పరిమాణం అంటే ఎంసీవీ, రక్తాన్ని మైక్రోస్కోప్‌లో చూసే స్మియర్, బి12, ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్, మూత్ర పరీక్ష. బి12 మీకు కూడా చేయించాలి, ఇది మాత్రం మర్చిపోకండి. ఇంట్లో ఎవరికైనా పాత దగ్గు, టీబీ మందులు ఉంటే దాచకుండా చెప్పండి, పిల్లలకు ఎక్కువగా అంటుకునేది ఇంట్లోవాళ్ళ నుంచే. పరీక్షకు రక్తం ఇచ్చేదాకా కొత్తగా ఏ టానిక్కూ మొదలుపెట్టకండి. ఫోలిక్ యాసిడ్ ఉన్న టానిక్‌తో రక్తం రిపోర్టు బాగుపడినట్టు కనిపించి, బి12 లేక నరాలకు జరిగే నష్టం లోపల సాగుతూనే ఉంటుంది. ఆ ఆకలి సిరప్ నిద్రమత్తు తెస్తుంది, రెండేళ్ళ లోపు పిల్లలకు మేము ఇవ్వం. మందకొడిగా ఉన్న పాపకు అది పోస్తే ఏ లక్షణం దేనివల్లో మాకే తెలియకుండా పోతుంది.

తల్లిపాలు ఆపొద్దు. ఏడాది దాటాక పాలల్లో ఏముంటుంది అన్న మాట తప్పు, శక్తి ఉంటుంది, కొవ్వు ఉంటుంది, రోగనిరోధక శక్తి ఉంటుంది. రెండేళ్ళు, ఆ తర్వాత కూడా తాగొచ్చు. మీలో తక్కువైంది మీకు ఇస్తే మీ పాలల్లోకీ వస్తుంది. ఉన్నట్టుండి మానిపిస్తే, తిండి ఎలాగూ తినని బిడ్డ, ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది.

పాప లేపినా లేవకపోతే, ఫిట్స్ వస్తే, ఊపిరి వేగంగా తీస్తుంటే, రెండు పాదాలు వాస్తే, ఏడెనిమిది గంటలు మూత్రం పోయకపోతే ఉదయం దాకా ఆగకండి, రాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్ళండి.


లెస్టర్_తెలుగమ్మాయి:

డాక్టర్ గారూ, అక్క పోస్టులో టాటా, నిలబడటం గురించి చివర రాసింది నేను సరిగ్గా చదవలేదు. ఏమీ ఉండదు అని రాసినందుకు క్షమించండి. అక్కా, రేపు వెళ్ళి వచ్చాక ఒక మాట రాయండి.


హనుమకొండ_అమ్మ:

చదవగానే చెయ్యి చూశాను. కణుపులు నల్లగానే ఉన్నాయి, పాకేది కదా రాపిడికి అనుకున్నాం ఇన్నాళ్ళూ. పొద్దున్నే వెళ్తున్నాం. అత్తమ్మకు మీరు రాసింది మొత్తం చదివి వినిపించాను, ఆమె ఏమీ అనలేదు, పాపను ఎత్తుకుని నేనూ వస్తానంది.


హనుమకొండ_అమ్మ (22 రోజుల తర్వాత):

ఆలస్యమైంది, క్షమించండి. పాపకు హిమోగ్లోబిన్ 7.8, బి12 చాలా తక్కువ, ఐరన్ కూడా తక్కువే. మూత్రం, థైరాయిడ్ బాగున్నాయి. నాక్కూడా బి12 తక్కువే, అరికాళ్ళలో తిమ్మిర్లు రెండేళ్ళ నుంచి ఉన్నాయి, కాన్పు తర్వాత మామూలే అనుకుని ఎవరికీ చెప్పలేదు. ఆరు రోజులు వార్డులో ఉంచారు. పాపకు బి12 ఇంజెక్షన్లు, నాకు కూడా. నాలుగో రోజు సాయంత్రం పక్క మంచం బాబు గిలక ఆడిస్తుంటే తల తిప్పి నవ్వింది. నెలన్నర అయింది ఆ నవ్వు చూసి, నేనూ అత్తమ్మా ఇద్దరం అక్కడే ఏడ్చేశాం.

డిశ్చార్జి చేసేటప్పుడు ఆహారం పట్టిక రాసిచ్చారు, పెరుగు రోజూ ఉండాలన్నారు, ఇంట్లో పాపకు గుడ్డు పెట్టడానికి అత్తమ్మే ఒప్పుకుంది. మెదిపిన పప్పు, నెయ్యి, అన్నం ఇప్పుడు చిన్న గిన్నెడు తింటోంది. నిన్న తూస్తే 8.3. నా పాలు ఆపలేదు, తిండి తర్వాతే ఇస్తున్నాను. ఇంకా నిలబడట్లేదు, వాళ్ళే డీఈఐసీకి, అంటే ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లల్ని చూసే జిల్లా కేంద్రానికి రాసిచ్చారు, వచ్చే మంగళవారం మొదటిసారి వెళ్ళాలి.

ఒక్క సందేహం. ఐరన్ చుక్కలు మొదలుపెట్టిన దగ్గర్నుంచి మోషన్ నల్లగా వస్తోంది, ఆపాలా?


వార్డు_డాక్టర్_పీజీ:

ఆపొద్దు మేడం. ఐరన్‌కి అలాగే నల్లగా వస్తుంది. జిగటగా తారులా ఉన్నా, ఎర్రగా రక్తం కనిపించినా మాత్రం చూపించండి. చుక్కలు పాలతో, పెరుగుతో కలిపి ఇవ్వకండి, మధ్యలో గంటైనా ఎడం ఉంచి కొంచెం బత్తాయి రసంతో ఇవ్వండి. హిమోగ్లోబిన్ పెరిగిందని చుక్కలు వెంటనే మానకండి, ఎన్నాళ్ళు వేయాలో వాళ్ళే చెప్తారు. మీ ఇంజెక్షన్లు కూడా మధ్యలో వదిలెయ్యకండి. మంగళవారం డీఈఐసీలో ఏమన్నారో రాయండి.