రేడియల్ ఇంజన్‌ను ‘ఆకుల ఇంజన్’ అనొచ్చా?

ప్రశ్న: పాత విమానాల మీద పిల్లల కోసం వ్యాసం రాస్తున్నాను. రేడియల్ ఇంజన్‌కు తెలుగులో ‘ఆకుల ఇంజన్’ అంటే ఎలా ఉంటుంది? బండిచక్రం ఆకుల్లాగే సిలిండర్లు నడిమి నుంచి బయటికి ఉంటాయి కదా.

జవాబు: మాట ముచ్చటగానే ఉంది మాస్టారూ, పేచీ ఇరుసు దగ్గర వస్తుంది. ఎద్దుల బండికి ఇరుసు కదలదు, ఆకులతో సహా చక్రం తిరుగుతుంది. విమానాల్లో అచ్చం అలా తిరిగేది వేరే రకం, రోటరీ ఇంజన్. 1909 నాటి ఫ్రెంచ్ సెగాఁ సోదరుల గ్నోమ్ ఇంజన్‌నే తీసుకోండి: ఏడు సిలిండర్లు, 50 హార్స్‌పవర్. క్రాంక్‌షాఫ్ట్‌ను, అంటే ఇంజన్ నడిమి ఇరుసును, విమానానికి కదలకుండా బిగించేసి, సిలిండర్లనే ప్రొపెల్లర్‌తో కలిపి గిర్రున తిప్పారు. అందుకే విమానం నేల మీద ఆగి ఉన్నా వాటికి గాలి తగిలేది, నీళ్లతో పని లేకుండా చల్లబడేవి. లోపల కందెనగా పోసింది ఆముదం! అది పెట్రోల్‌లో తేలిగ్గా కలవదు. పోసిన ఆముదం మళ్లీ వాడుకోవడానికి ఉండదు, పొగతో పాటు బయటికి చిమ్మేది, పైలట్ మొహం మీదికి కూడా. ఆముదం తాగించిన అమ్మమ్మ గుర్తొస్తే నన్ననకండి.

రేడియల్‌లో అంతా తలకిందులు. ఆకులు కదలవు, ఇరుసే తిరుగుతుంది. 1909 జులై 25న ఫ్రెంచ్ పైలట్ బ్లెరియో ఇంగ్లిష్ చానల్ దాటిన విమానంలోని ఆంజాని ఇంజన్ సిలిండర్లూ తిరగవు. కానీ ఆ మూడూ పైవైపే ఉంటాయి, పూర్తి చక్రం కూడా కాదు.

ఇంకొకరు: పిల్లలు చెట్టు ఆకులనుకుంటే? పైగా సిలిండర్ చుట్టూ పలచటి రేకులుంటాయి, బైక్ ఇంజన్‌కి ఉన్నట్టు. వాటినే ఆకులనుకుంటారేమో.

జవాబు: ఆ గందరగోళం తప్పదు. పేరు రేడియల్ అనే ఉంచి, మొదటి వాక్యంలో ‘చక్రపు ఆకుల్లా సిలిండర్లు అమర్చిన ఇంజన్’ అనండి. ‘తిరిగే’ అన్న మాట మాత్రం వద్దు.

ప్రశ్న: సరేనండి. చుట్టూ ఒక్కో వరుసకు సిలిండర్లు 5, 7, 9 అని బేసి సంఖ్యే ఎందుకు?

జవాబు: నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో, అంటే పిస్టన్ నాలుగుసార్లు కిందికీ పైకీ కదిలితే ఒక పని పూర్తయ్యే ఇంజన్‌లో, ఒక్కో సిలిండర్‌లో ఇరుసు రెండు చుట్లకోసారే ఇంధనం మండుతుంది. కాబట్టి ఒకటి విడిచి ఒకటి మండాలి: 1, 3, 5, 7, 9, తర్వాత 2, 4, 6, 8. సరి సంఖ్య అయితే ఈ వరుస సమంగా కుదరదు. 1927లో అమెరికా పైలట్ లిండ్‌బర్గ్‌ను 33న్నర గంటలు ఆగకుండా న్యూయార్క్ నుంచి పారిస్ చేర్చిన రైట్ వర్ల్‌విండ్ రేడియల్ ఇంజన్‌కు తొమ్మిది సిలిండర్లు. బొమ్మకు అదే వాడండి, వరుస నంబర్లు వేస్తే పిల్లలు వేలు పెట్టి లెక్కపెట్టుకుంటారు.