తేలికపాటి లినక్స్‌లో డెస్క్‌టాప్: ఏది ఎంచుకోవాలి, ఎలా ఎక్కించాలి?

నీలిరేఖ:
2 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఆల్పైన్ అనే తేలికపాటి లినక్స్ ఎక్కించాను. ప్రస్తుతానికి నల్లతెర మీద లాగిన్ వరుస మాత్రమే వస్తోంది. బ్రౌజరు, పీడీఎఫ్‌లు, కాస్త రాతపని, అంతవరకే నా అవసరం. ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ, ఓపెన్‌బాక్స్ అనే మూడు డెస్క్‌టాప్ ఎంపికల్లో ఏది నయమో వాడినవారు చెప్పగలరా?

పాతపెట్టె:
నేను ఎక్స్‌ఎఫ్‌సీఈనే వాడుతున్నాను. 1996 నుంచి నడుస్తున్న ప్రాజెక్టు కావడంతో రూపురేఖలు తరచూ మారిపోవు, అమరికలన్నీ ఒకేచోట దొరుకుతాయి. గ్రాఫిక్స్ చిప్ బలహీనమైతే విండో మేనేజర్ ట్వీక్స్ అనే అమరికల్లో, తెరకు హంగులు దిద్దే కంపోజిటర్‌ను ఆపివేయండి. నీడలు, పారదర్శకత పోతాయి గానీ విండోలు చురుగ్గా కదులుతాయి. ఎల్‌ఎక్స్‌క్యూటీ కూడా తేలికైనదే. అయితే మీరు వాడే ప్రోగ్రాములు ఎక్కువగా జీటీకే (బొత్తాలు, మెనూలు గీసే లైబ్రరీ) మీద నిర్మించినవైతే, ఎల్‌ఎక్స్‌క్యూటీకి కావలసిన క్యూటీ లైబ్రరీలు అదనంగా వచ్చి చేరుతాయి.

కర్సర్:
డెస్క్‌టాప్ ఎంపికపై ఇంత తర్జనభర్జన అవసరం లేదని నా అభిప్రాయం. ఓపెన్‌బాక్స్‌కు మారి కొంత మెమరీ మిగిల్చుకున్నా, బ్రౌజరులో నాలుగు ట్యాబులు తెరిస్తే అదంతా కరిగిపోతుంది. ముందు జెడ్‌ర్యామ్ పెట్టుకోండి. అది మెమరీలోని కొంత భాగాన్నే కుదించి స్వాప్‌గా (మెమరీ చాలనప్పుడు వాడే అదనపు చోటుగా) వాడుతుంది కనుక డిస్కు మీద భారం తగ్గుతుంది. పైగా ఓపెన్‌బాక్స్ కేవలం విండో మేనేజరు, అంటే విండోలను సర్దేది మాత్రమే. ప్యానెల్, వైఫై గుర్తు, ధ్వని నియంత్రణ వంటివన్నీ మీరే ఒక్కొక్కటిగా కూర్చుకోవాలి. ఆ పని సరదాగా అనిపించేవారికి అదే మంచిది.

టెర్మినల్‌మిత్ర:
ఆల్పైన్‌లో సెటప్-డెస్క్‌టాప్ అనే స్క్రిప్టు ఉంది. రూట్‌గా (నిర్వాహక ఖాతాతో) నడిపి ఎక్స్‌ఎఫ్‌సీఈ అని ఎంచుకుంటే చాలావరకు అదే చూసుకుంటుంది. ప్యాకేజీలను చేత్తో ఎక్కించేవారు ముందుగా రిపాజిటరీల (ప్యాకేజీలు దొరికే భాండాగారాల) ఫైలులో కమ్యూనిటీ వరుస ముందున్న హ్యాష్ (#) గుర్తును తీసివేయాలి. డెస్క్‌టాప్ వచ్చినా మౌస్, కీబోర్డు స్పందించకపోతే, పరికరాలను గుర్తించే యూడెవ్ నడుస్తోందో లేదో చూడండి. ఆల్పైన్ ఎక్కించగానే ఆ పనికి మామూలుగా ఉండేది ఎండెవ్. తెర మీద విండోలు చూపే ఎక్స్ సర్వరుకు అది సరిపోదు.

పాతపెట్టె:
మరొకటి. లాగౌట్ పెట్టెలో షట్‌డౌన్, రీస్టార్ట్ బొత్తాలు బూడిదరంగులో ఉండి నొక్కుడు పడకపోతే ఎక్స్‌ఎఫ్‌సీఈని మళ్లీ ఎక్కించనవసరం లేదు. డీబస్, ఈలాగిన్‌డీ, పోల్‌కిట్ అనే నేపథ్య సేవలు నడుస్తున్నాయా అని చూసి, లేనివాటిని ఆర్‌సీ-అప్‌డేట్ ఆదేశంతో బూట్ వరుసలో చేర్చండి. తెలుగు అక్షరాల స్థానంలో పెట్టెలు కనిపిస్తే నోటో వంటి తెలుగు ఫాంటు ఎక్కించాలి. కనీసపు వ్యవస్థలో అది ఉండదు.

సాదాతెర:
డెబియన్ అనే మరో లినక్స్ వాడేవారికి చిన్న మాట. దాని ప్యాకేజీ ఆదేశం ఆప్ట్‌తో ఎక్స్‌ఎఫ్‌సీఈ4 ప్యాకేజీని మామూలుగా ఎక్కిస్తే సిఫారసు చేసినవన్నీ వెంట వస్తాయి. నో-ఇన్‌స్టాల్-రికమెండ్స్ అనే ఐచ్ఛికం జోడిస్తే బరువు తగ్గుతుంది, అయితే తర్వాత ధ్వని, నెట్‌వర్క్ ఆప్లెట్ల వంటివి వెతుక్కోవాల్సి రావచ్చు.

నీలిరేఖ:
అందరికీ ధన్యవాదాలు. స్క్రిప్టుతోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎక్కిస్తాను. లాగిన్ తెర చూపే లైట్‌డీఎం తప్పనిసరా?

టెర్మినల్‌మిత్ర:
కాదు. ఒక్కరే వాడే యంత్రమైతే డాట్ ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీ ఫైలులో ఎగ్జెక్ స్టార్ట్‌ఎక్స్‌ఎఫ్‌సీఈ4 అని రాసుకుని, లాగిన్ అయ్యాక స్టార్ట్‌ఎక్స్ అని టైపు చేయండి.